కొత్తగా చేరేవాళ్ళకి ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టే ముందు మీరు ఏమేం చూస్తారు?

కేపీహెచ్‌బీ_ట్రైనర్
అందరికీ నమస్కారం. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో చిన్న ఫిట్‌నెస్ స్టూడియో నడుపుతున్నాను. ఒక్కొక్కరికి విడిగా ట్రైనింగ్ ఇస్తాను, గ్రూప్ క్లాసులు లేవు. మొన్న ఒకాయన వచ్చారు. 52 ఏళ్ళు, ఆఫీసులో అకౌంట్స్ పని, రోజంతా కుర్చీలోనే. నాలుగు నెలల్లో కూతురి పెళ్ళి ఉందట, అప్పటికి పొట్ట తగ్గాలన్నారు. నా దగ్గరున్న ఫారం ఇచ్చాను. రెండు నిమిషాల్లో అన్నిటికీ 'లేదు' అని టిక్కులు పెట్టి సంతకం చేసి ఇచ్చేశారు. తర్వాత కబుర్లలో పెట్టి అడిగితే బీపీకి టాబ్లెట్ వేసుకుంటున్నానన్నారు. పేరు గుర్తులేదు, చిన్నగా తెల్లగా ఉంటుందట. ఈ మధ్య మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోందని కూడా చెప్పారు. బరువు పెరగడం వల్లేనని ఆయనే తేల్చేశారు కూడా.

మూడు నెలల ఫీజు అక్కడికక్కడే కడతానన్నారు. తీసుకోలేదు, రెండు రోజులు ఆగమన్నాను. ఇప్పుడు నా ప్రశ్న ఏంటంటే, ఇలాంటివాళ్ళ విషయంలో నేను చూడాల్సింది ఎంత, డాక్టర్‌కి వదలాల్సింది ఎంత? ఎవరు ఎలా చేస్తున్నారో వివరంగా చెప్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.

ముషీరాబాద్_ఉస్తాద్
తమ్మీ, పైసలు తీస్కోకుండ ఆపినవ్, మంచిగ చేసినవ్. ముందుగాల ఫారం సంగతి చెప్త. ఫారం చేతికిచ్చి మూలకు కూసోబెడితె ఎవ్వరైనా 'లేదు, లేదు' అనే కొడ్తరు. ఒక్కదానికి 'అవును' అంటె చేర్చుకోరేమో అని భయం. నా దగ్గర ఫారం నేనే నింపుత, వాళ్ళు చెప్తుంటరు. చాయ్ తాగుకుంట ముచ్చట పెడితె అరగంటల అన్నీ బయటికొస్తయ్.

ఇంకోటి. ఛాతిల నొప్పి ఉందా అంటె లేదనే అంటరు. గ్యాస్ వస్తదా అని అడుగు. వస్తది అంటరు. తిన్నంక వస్తదా, నడిచేటప్పుడు వస్తదా? నిలబడితె తగ్గుతదా? ఎడమ చెయ్యి గుంజుతదా, దవడ దాక పోతదా? గిట్ల ఒక్కొక్కటి విడదీసి అడుగాలె. నడిస్తె వచ్చి, ఆగితె తగ్గే గ్యాస్ ఉంటె ఆ మనిషిని బరువుల దగ్గరికి పోనియ్యకు, సక్కగ దవాఖానకు తోలు.

టాబ్లెట్ల పేర్లు ఎవ్వరికీ యాదికుండవ్. రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్ల ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిల ఏస్కొని రమ్మను. నువ్వు ఫోటో తీస్కో. గా సంచి చూస్తె మనిషి సగం అర్థమైతడు.

జనరల్_ఫిజీషియన్
ఉస్తాద్ గారు చెప్పిన గ్యాస్ ప్రశ్న మా ఓపీలో కూడా రోజూ పనికొచ్చేదే. శ్రమపడితే వచ్చి, విశ్రాంతి తీసుకుంటే తగ్గే ఏ ఇబ్బందైనా సరే, నొప్పి కావచ్చు, బరువు పెట్టినట్టుండటం కావచ్చు, మంట కావచ్చు, అది గుండెకు సంబంధించినది కాదని తేలేదాకా గుండెదిగానే అనుకోవాలి.

ట్రైనర్ గారూ, మీ క్లయింట్ విషయంలో బీపీ కంటే ఆ ఆయాసం గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళు 2015లో ఈ స్క్రీనింగ్ పద్ధతిని బాగా సులువు చేశారు. అంతకుముందు వయసు, సిగరెట్లు, కొలెస్ట్రాల్, కుటుంబ చరిత్ర లాంటివి ఒక్కొక్కటీ లెక్కేసి, ఇన్ని దాటితే డాక్టర్ దగ్గరికి అనేవాళ్ళు. ఇప్పుడు ముఖ్యంగా చూసేవి మూడు. ఒకటి, ఈ మనిషి ఇప్పటికే క్రమం తప్పకుండా ఎక్సర్‌సైజ్ చేస్తున్నాడా? రెండోది, గుండె, రక్తనాళాలు, షుగర్, కిడ్నీ జబ్బుల్లో ఏదైనా ఉందా, లేదా వాటి లక్షణాలు కనిపిస్తున్నాయా? ఇక మూడోది, ఎంత తీవ్రంగా చేయబోతున్నాడు?

ఈ లెక్కలో బీపీ ఒక్కటే ఉంటే, అదీ అదుపులో ఉంటే, మెల్లగా నడక మొదలుపెట్టడానికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. కానీ లక్షణం ఉంటే మాత్రం మిగతా లెక్కలేవీ పనికిరావు. ముందు చూపించుకోవాల్సిందే, రోజూ జిమ్ చేసేవాడైనా సరే. అడగాల్సిన లక్షణాలు చెప్తాను: కొద్దిపాటి శ్రమకే ఆయాసం, ఛాతీలో ఇబ్బంది, కళ్ళు తిరగడం లేదా స్పృహ తప్పడం, పడుకుంటే ఊపిరాడక ఎత్తు దిండ్లు పెట్టుకోవడం, సాయంత్రానికి రెండు కాళ్ళ చీలమండల దగ్గర వాపు, గుండె దడ, నడుస్తుంటే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గడం. దిండ్ల గురించి తప్పకుండా అడగండి. "ఎన్ని దిండ్లు వేసుకుంటారు, ఎప్పటి నుంచి?" అంటే దాచకుండా చెప్తారు, అది జబ్బు లక్షణమని వాళ్ళకు తెలియదు కాబట్టి.

మరొకటి. చాలామంది "ఈసీజీ తీయించాను, నార్మల్" అని కాగితం తెస్తారు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఆ క్షణం సంగతే చెప్తుంది. రక్తనాళాల్లో పూడిక ఉన్నా అది నార్మల్‌గా రావచ్చు. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయాలా, ఎకో (గుండె స్కానింగ్) తీయాలా అన్నది మనిషిని చూసి డాక్టర్ నిర్ణయించాలి. ట్రైనర్లు టెస్టుల పేర్లు రాసి పంపకండి. "ఈయనకు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఎక్సర్‌సైజ్ మొదలుపెడదామనుకుంటున్నాం, ఎంతవరకు చేయొచ్చో చెప్పండి" అని రెండు వాక్యాలు రాసి పంపండి. మాకు అంతకంటే పనికొచ్చే కాగితం ఉండదు.

నిజాంపేట్_జిమ్_ఓనర్
డాక్టర్ గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ మా వైపు నుంచి కూడా చూడండి. జనవరిలో, పెళ్ళిళ్ళ సీజన్ ముందు రోజూ కొత్తవాళ్ళు వస్తారు. ప్రతివాణ్ణీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, సంచిలో స్ట్రిప్పులు తీసుకురా అంటే ఎదురు బిల్డింగులో ఉన్న జిమ్‌కి వెళ్ళిపోతాడు. అక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగరు. కొందరైతే అటూ వెళ్ళరు, ఇంట్లోనే ఉండిపోతారు. కదలకుండా కూర్చుంటే వచ్చే నష్టం మాత్రం తక్కువా?

జనరల్_ఫిజీషియన్
మీ మాట సరైనదే. ఆ 2015 మార్పు వెనకున్న కారణం కూడా అదే. పాత పద్ధతిలో అవసరం లేనివాళ్ళు కూడా డాక్టర్ల చుట్టూ తిరిగి, మధ్యలో ఉత్సాహం పోయి మానేసేవాళ్ళు. ఏ జబ్బూ, ఏ లక్షణమూ లేని మనిషి తేలికపాటి నుంచి మధ్యస్థ స్థాయి వరకు ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టొచ్చు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళమనాల్సింది అందరినీ కాదు. ఎవరిని పంపాలో తెలుసుకోవడానికే ఆ అరగంట మాట్లాడటం. ఆ అరగంట ఖర్చు దగ్గర మాత్రం రాజీ పడకండి.

2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో 46 ఏళ్ళకే పోయినప్పుడు జిమ్‌కి వెళ్ళేవాళ్ళు చాలామంది భయపడ్డారు. అంత ఫిట్‌గా కనిపించే మనిషికే అలా జరిగిందంటే మనం మానేయడమే మంచిదన్న మాట అప్పుడు చాలామంది నోట విన్నాను. మానేయడం దారి కాదు. తండ్రికో అన్నదమ్ముడికో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెలికో 65 లోపు గుండెపోటు వచ్చిందా అని అడిగితే, పైకి కండలు తిరిగి కనిపించే మనిషి విషయంలోనూ కొంత ముందుచూపు ఉంటుంది.

ఫిజియో_తార్నాక
చర్చ గుండె చుట్టూనే తిరుగుతోంది కాబట్టి కీళ్ళ సంగతి నేను అందుకుంటాను. నా దగ్గరికి వచ్చే నొప్పుల్లో చాలావరకు ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టిన మొదటి నెలలో వచ్చినవే. మోకాలు, నడుము, భుజం, ఈ మూడే ఎక్కువ.

ఖరీదైన పరికరాలు ఏవీ అక్కర్లేదు. 17 అంగుళాల ఎత్తున్న, చేతులు లేని కుర్చీ ఒకటి తీసుకుని గోడకు ఆనించండి. క్లయింట్ కుర్చీ మధ్యలో కూర్చుని చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. చేత్తో తొడమీద నొక్కి లేస్తే ఆ పరీక్షలో సున్నా వేయాలి. 60 నుంచి 64 మధ్య వయసులో మగవాళ్ళు 14, ఆడవాళ్ళు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ళలో బలం సగటు కంటే తగ్గిందని అర్థం. చిన్న వయసువాళ్ళకు అంకె కంటే తీరు చూడండి. లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయా? బరువంతా ఒక కాలు మీదే వేస్తున్నారా? ఊపిరి బిగబడుతున్నారా? కూర్చునేటప్పుడు చివర్లో దబ్బున పడుతున్నారా? దబ్బున పడే మనిషికి భుజం మీద బార్ పెట్టి స్క్వాట్ చేయిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

తర్వాత కళ్ళు తెరిచి ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడమనండి, పక్కన గోడ ఉండాలి. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవమనండి. మన ఊళ్ళో డైనింగ్ టేబుళ్ళు, వెస్టర్న్ టాయిలెట్లు వచ్చాక నలభై దాటినవాళ్ళు నేలమీద కూర్చుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే తెలియదు. రెండు చేతులూ చెవులకు ఆనేలా పైకెత్తమనండి. షుగర్ ఉన్నవాళ్ళకు భుజం పట్టేయడం, అదే ఫ్రోజెన్ షోల్డర్, మామూలువాళ్ళ కంటే ఎక్కువ. బట్టలు ఆరేయడానికి చెయ్యి ఎత్తలేని మనిషికి ఓవర్‌హెడ్ ప్రెస్ ఇస్తే నెలలపాటు బాధపడాల్సి వస్తుంది.

నడక సామర్థ్యం చూడాలంటే ఆరు నిమిషాల నడక చాలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 30 మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టండి. వాళ్ళకు వీలైన వేగంతో నడవనివ్వండి, మధ్యలో ఆగినా ఫరవాలేదు. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారో రాసుకోండి. రెండు నెలల తర్వాత మళ్ళీ అదే సెల్లార్‌లో నడిపించండి. ఒకటి గుర్తుంచుకోండి, పైన చెప్పిన ఆయాసం లాంటి లక్షణం ఉన్నవాళ్ళకు డాక్టర్ చూసేదాకా ఈ నడక పరీక్ష కూడా పెట్టొద్దు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
నేను ట్రైనర్‌ని కాదు, నేర్చుకునే వైపు ఉన్నదాన్ని. రెండో బాబు పుట్టిన ఏడాదికి దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక జిమ్‌లో చేరాను. వెళ్ళగానే హాలు మధ్యలో ఉన్న మెషీన్ ఎక్కించి, బరువు, కొవ్వు శాతం అందరికీ వినపడేలా చదివారు. రెండు సిజేరియన్లు అయ్యాయా, థైరాయిడ్ ఉందా, రక్తం ఎంత ఉంది, ఒక్కటీ అడగలేదు. మొదటి రోజే క్రంచెస్, స్కిప్పింగ్. గెంతినప్పుడల్లా నాకు యూరిన్ ఇబ్బంది ఉండేది, ఎదురుగా ఉన్న అబ్బాయికి ఎలా చెప్పను? మానేశాను. దయచేసి మీలో ఎవరైనా ఆడవాళ్ళకు ట్రైనింగ్ ఇస్తుంటే ఇవి విడిగా, గదిలో, వీలైతే ఆడమనిషితో అడిగించండి.

ఫిజియో_తార్నాక
అమ్మా, మీరు ఇది రాసినందుకు చాలా సంతోషం. ఇది మీ ఒక్కరి సమస్య కాదు. కాన్పు తర్వాత దగ్గినా, గెంతినా యూరిన్ లీక్ అవడం చాలామందికి ఉంటుంది, సరైన కండరాల వ్యాయామంతో చాలావరకు బాగవుతుంది. "కాన్పు అయింది కదా, అంతే" అని సర్దుకోవాల్సిన పని లేదు.

ట్రైనర్లు చూడాల్సిన ఇంకో సంగతి, పొట్ట మధ్యలో కండరాలు విడిపోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తల కొంచెం ఎత్తితే బొడ్డు పైనా కిందా మధ్య గీతలో వేళ్ళు దిగేంత సందు తెలుస్తుంది, కొందరికి గుట్టలా ఉబ్బుతుంది. అలా ఉంటే క్రంచెస్ పక్కన పెట్టి, ఫిజియో దగ్గరికి పంపండి. కాన్పు ఎప్పుడయింది, మామూలుదా ఆపరేషనా, కుట్ల దగ్గర ఇప్పటికీ లాగుతోందా, నెలసరి ఎలా ఉంది, ఇవన్నీ మొదటి రోజు అడగాల్సినవే. ఇప్పుడు గర్భవతా అన్నది కూడా.

రక్తం విషయం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ జిమ్‌కి వచ్చే ఆడవాళ్ళలో ఎందరికి ఉండొచ్చో ఊహించండి. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తహీనతే. రెండో సెట్‌కే నీరసపడితే బద్ధకం అనుకోకండి, ముందు ఆ రిపోర్ట్ అడగండి.

ఆ మెషీన్ గురించి కూడా ఒక మాట. శరీరంలోకి చిన్న కరెంటు పంపి లెక్క కట్టే పరికరం అది. నీళ్ళు తాగారా, చెమట పట్టిందా, నెలసరి రోజులా అన్నదాన్ని బట్టి అంకెలు మారిపోతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళను అసలు ఎక్కించకూడదు. వంద రూపాయల టేపుతో నడుము కొలత తీస్తే అంతకంటే నమ్మకం. మన దేశంవాళ్ళకు మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే జాగ్రత్తపడాలి. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) కూడా మనకు 23 నుంచే అధిక బరువు కింద, 25 నుంచి ఊబకాయం కింద లెక్క. విదేశీ యాప్‌లలో 25, 30 చూసి సంబరపడకూడదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
నా సందేహం. నేను యూఎస్ షిఫ్ట్ చేస్తాను. తెల్లవారి క్యాబ్ దిగి సరాసరి జిమ్‌కే వెళ్తాను. మొన్న అక్కడ బీపీ చూస్తే 150/96 వచ్చింది. 34 ఏళ్ళు నాకు. ట్రైనర్ "ఏం కాదు అన్నా, వార్మప్ చేస్తే తగ్గుతుంది" అన్నాడు. నిజమేనా?

జనరల్_ఫిజీషియన్
కాదు, కానీ కంగారు పడకండి. మీరు చెప్పినదాన్ని బట్టి రాత్రంతా నిద్ర లేదు, మధ్యలో కాఫీలు పడి ఉంటాయి. క్యాబ్ దిగి మెట్లెక్కి వచ్చి నిలబడే చెయ్యి చాపి ఉంటారు. అలా చూసిన బీపీని నమ్మలేం.

సరైన పద్ధతి ఇది. కాఫీ, టీ, సిగరెట్, ఎక్సర్‌సైజ్, ఏవైనా సరే అరగంట ముందే ఆపాలి. బాత్రూంకి వెళ్ళి రావాలి. వీపుకి ఆనుకునే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, కాలుమీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటిమీద కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువగా చూపిస్తుంది, జిమ్‌లలో పెద్ద సైజు పట్టీ తప్పకుండా ఉంచండి. చూసేటప్పుడు మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇలా బాగా నిద్రపోయిన రోజుల్లో ఇంట్లో ఒక వారం చూసి రాసుకోండి. అప్పటికీ సగటు 135/85 దాటి ఉంటే డాక్టర్‌కి చూపించండి. 34 ఏళ్ళకే బీపీ ఉంటే కారణం వెతకాలి.

ట్రైనర్లందరికీ: సరిగ్గా చూశాక కూడా పైది 180 గానీ కిందిది 110 గానీ వస్తే ఆ రోజు ఎక్సర్‌సైజ్ లేదు. తలనొప్పి, చూపు మసక, ఛాతీ నొప్పి ఏదైనా తోడైతే వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఇంకో మాట, నిద్ర ఎన్ని గంటలు అన్న ప్రశ్న మీ ఫారంలో లేకపోతే చేర్చండి. మన ఊళ్ళో సగం ఐటీ కారిడార్ రాత్రిపూట మేల్కొనే ఉంటుంది.

కేబీఆర్_వాకర్
నేను రిటైర్ అయినవాణ్ణి, రోజూ పార్కులో నడుస్తాను. ఇప్పుడు అపార్ట్‌మెంట్ జిమ్‌లో డంబెల్స్ మొదలుపెడదామనుకుంటున్నాను. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను, బీపీకి మెటోప్రొలాల్. పొద్దున్నే పరగడుపున చేస్తే కొవ్వు త్వరగా కరుగుతుందని మా అబ్బాయి అంటున్నాడు. వాచీలో హార్ట్ రేట్ 130కి తీసుకెళ్ళమంటున్నాడు, నాకు 105 దాటట్లేదు. ఏదైనా లోపమా?

జనరల్_ఫిజీషియన్
పెద్దాయన గారూ, మీ గుండె వేగం పెరగకపోవడం లోపం కాదు, మెటోప్రొలాల్ పని అదే. అది బీటా బ్లాకర్ మందు, గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్కగానీ, వాచీ చూపించే జోన్లుగానీ మీకు పనికిరావు. 130 కోసం ప్రయత్నించకండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అది మీకు సరైన వేగం. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించండి. ట్రైనర్లు స్ట్రిప్పుల సంచి చూడమన్నది ఇందుకే, మందు తెలియకపోతే మొత్తం ప్లానే తప్పవుతుంది.

పరగడుపున మాత్రం వద్దు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, ఇన్సులిన్ లాగే అది కూడా షుగర్‌ని బాగా దించేయగలదు. మొదలుపెట్టే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 90 కంటే తక్కువుంటే ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని కాసేపాగి చేయండి. చేతులు వణకడం, చెమట, కళ్ళు తిరగడం వస్తే ఆపేసి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళకు వణుకు, దడ సరిగ్గా తెలియవు, చెమట ఒక్కటే తెలియొచ్చు. ఈ సంగతి మీ అబ్బాయికి కూడా చెప్పండి. 250 దాటి, ఒంట్లో నలతగా ఉంటే ఆ రోజు వద్దు.

డంబెల్స్ ఎత్తే ముందు కంటి డాక్టర్‌కి ఒకసారి రెటీనా చూపించండి. షుగర్ వల్ల కంటిలో కొత్త రక్తనాళాలు పెరిగి ఉంటే ఊపిరి బిగబట్టి బరువులెత్తడం ప్రమాదం. అరికాళ్ళలో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉంటే ఎక్సర్‌సైజ్ అయ్యాక రోజూ పాదాలు చూసుకోండి.

కేపీహెచ్‌బీ_ట్రైనర్
కొంచెం ఆలస్యమైంది, క్షమించండి. మీరందరూ చెప్పినట్టు రెండు వాక్యాల ఉత్తరం రాసి పంపాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, వాళ్ళావిడకు ఫోన్‌లో చెప్తే ఆవిడే దగ్గరుండి తీసుకెళ్ళారు. బీపీ 168/102 ఉందట. మధ్యలో టాబ్లెట్ ఒక రోజు వేసుకుని రెండు రోజులు మానేస్తున్నారని అక్కడ బయటపడింది. ఎకో, టీఎంటీ చేశారు, గుండె బాగానే ఉంది. మందు మార్చి మూడు వారాలాగి మళ్ళీ చూశారు, 134/84. "మధ్యస్థ స్థాయి వరకు చేయొచ్చు, ఊపిరి బిగబట్టే బరువులు ఇప్పుడే వద్దు" అని రాసి పంపారు.

నేను చూసినవి: నడుము 104 సెంటీమీటర్లు, కుర్చీలోంచి 30 సెకన్లలో 11 సార్లు, చివరి మూడు చాలా కష్టంగా. ఒంటికాలి మీద కుడి వైపు బాగానే ఉంది, ఎడమ వైపు నాలుగు సెకన్లకే గోడ పట్టుకున్నారు. అప్పుడు చెప్పారు, కాలేజీ రోజుల్లో బైక్ మీంచి పడి ఎడమ చీలమండ విరిగిందని. ఇదీ ఫారంలో లేదు. ఇప్పుడు నడక, కుర్చీలోంచి లేవడం, గోడకు పుష్అప్స్, తేలిక రబ్బర్ బ్యాండ్‌తో మొదలుపెట్టాం. పెళ్ళిలోపు పొట్ట ఎంత తగ్గుతుందో మాట ఇవ్వలేదు.

ముషీరాబాద్_ఉస్తాద్
మంచిగుంది తమ్మీ. మొదటి వారం ఎవ్వరికైనా తక్కువ చేపియ్యి. కొత్త పోరగాళ్ళు వచ్చి ఒక్క దినంల మూడు వందల బైఠకులు తీస్తరు, పందెం అంటరు. గట్ల చేసినోళ్ళల్ల కొందరికి రెండో దినం తొడలు రాయి తీరు గట్టిపడి, మూత్రం చాయ్ డికాషన్ రంగుల వస్తది. గది వస్తె ఇంట్ల ఉండద్దు, దవాఖానకు ఉరకాలె. డాక్టర్ సాబ్, నేను చెప్పింది కరెక్టేనా?

జనరల్_ఫిజీషియన్
నూటికి నూరుపాళ్ళు. కండరాలు చితికి అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మామూలు ఒళ్ళునొప్పులు వేరు, ఇది వేరు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మందులు వేసుకునేవాళ్ళు, ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

నిజాంపేట్_జిమ్_ఓనర్
చివరగా ఒకటి. వానాకాలంలో మా వైపు డెంగీ, వైరల్ జ్వరాలు ఎక్కువ. జ్వరం తగ్గిన మూడో రోజే జనం జిమ్‌కి వచ్చేస్తున్నారు. ఎన్నాళ్ళు ఆగమనాలి? ఇంకా, ఈ ఆరోగ్య వివరాలన్నీ రాసిన రిజిస్టర్ మా రిసెప్షన్ టేబుల్ మీదే ఉంటోంది. ఇది చదివాక ఇబ్బందిగా అనిపిస్తోంది.

జనరల్_ఫిజీషియన్
డెంగీ అయితే ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయని రిపోర్ట్ చూసేదాకా వద్దు. తర్వాత కూడా కొన్ని వారాలు నీరసం ఉంటుంది, నడకతో మొదలుపెట్టి పెంచాలి. ఏ వైరల్ జ్వరమైనా సరే, తగ్గాక కొత్తగా ఛాతీ నొప్పి, దడ, ఇదివరకు లేని ఆయాసం ఉంటే గుండె కండరానికి వాపు వచ్చి ఉండొచ్చు, ముందు పరీక్ష చేయించుకోవాలి. పాత క్లయింటే కదా అని వదిలేయకండి, జ్వరం తర్వాత వచ్చినవాణ్ణి కొత్తవాడిలాగే మళ్ళీ అడగండి.

రిజిస్టర్‌ని ఈరోజే తాళం ఉన్న అరలోకి మార్చండి. ఒకరి హిమోగ్లోబిన్, ఒకరి కాన్పు వివరాలు ఫీజు కట్టడానికి వచ్చిన ప్రతివాడి కళ్ళబడకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో క్లయింట్ల రిపోర్టులు పెట్టడం కూడా మానేయండి.

కేపీహెచ్‌బీ_ట్రైనర్
ఉస్తాద్ అన్నా, మీరు నోటితో అడిగే ప్రశ్నలు వరసగా రాసి పెడతారా? నా ఫారం పడేసి అదే పెట్టుకుంటాను.

ముషీరాబాద్_ఉస్తాద్
రాస్త తమ్మీ. గిట్ల అడుగుత:

ఏం పని చేస్తరు, దినమంత కూసునేదా నిలబడేదా? రాత్రి ఎన్ని గంటలు పంటరు, ఎన్ని దిండ్లు? మెట్లెక్కితె ఎన్నో అంతస్తుల ఆగాలనిపిస్తది, పోయిన ఏడాది గూడ గక్కడనే ఆగేటోళ్ళా? ఎప్పుడన్న కండ్లు తిరిగి పడ్డరా? గ్యాస్ ఎప్పుడొస్తది? ఇంట్ల అమ్మకు, నాయినకు, తోడబుట్టినోళ్ళకు గుండె, షుగర్, పక్షవాతం ఏ వయసుల వచ్చినయ్? సిగరెట్, గుట్కా, మందు ఉన్నయా? ఆపరేషన్ అయిందా, ఎముక ఇరిగిందా, చిన్నప్పటిదైనా సరె. డాక్టర్ ఎప్పుడన్న ఫలానా పని చెయ్యద్దు అన్నడా? ఏ గోలి మధ్యల ఆపిండ్రు, ఎందుకు ఆపిండ్రు? ఉపాసాలు, రోజాలు, మాల ఏస్కునుడు ఉంటదా, గప్పుడు టైమింగ్ మార్చాలె. ఇంతకుముందు జిమ్ చేసి మానేసిండ్రా, ఎందుకు మానేసిండ్రు? గీ ప్రశ్నకు వచ్చే జవాబుల చాలా ఉంటది, మధ్యల మాట్లాడకుండ విను.

ఆడోళ్ళ సంగతి మా కోడలు లోపలి గదిల కూసోబెట్టి అడుగుతది. ఇవన్నీ అయినంక ఇంట్లోళ్ళ నంబర్ ఒకటి రాస్కుంట. గా నంబర్‌కు అప్పుడే నా ఫోన్ల కెళ్ళి కొట్టి, ఎవరు ఎత్తుతరో చూస్త. ఏమన్న అయితె ముందు 108కి కొట్టాలె, రెండో ఫోన్ ఆ నంబర్‌కే. నా దగ్గర పనిచేసే పిల్లలందరికీ ఛాతి మీద నొక్కుడు, గదే సీపీఆర్, నేర్పిపిచ్చిన. నీ దగ్గర నేర్చుకున్నోళ్ళు లేకుంటె చెప్పు, ఆదివారం మా పిల్లలతోని వచ్చేయ్.